భాషావిద్యా ప్రణాళికలో వ్యాపార నిర్వహణ సూత్రములు : చెన్నూరు ప్రాంత పరిశీలన

1. ఉపోద్ఘాతము

భాషను బోధించుట వేరు, భాషాబోధనకు ప్రణాళిక వేయుట వేరు. మొదటిది తరగతిలో గురుశిష్యుల నడుమ జరుగు పని. ఆ తరగతిలోనికి ఎవరు వచ్చుచున్నారు, వారు ఇంట ఏ భాష మాటాడుదురు, ఎంతకాలము చదువుదురు, చదువు ముగియునాటికి ఏమి చేయగలిగియుండవలెను అను ప్రశ్నలకు ముందుగా సమాధానములు నిర్ణయించుకొనుట రెండవ పని. ప్రాచ్య కళాశాలలలో మొదటి పనికి చెందిన శాస్త్రము, అనగా వ్యాకరణాలంకార కావ్యపాఠనము, తరతరములుగా సుప్రతిష్ఠితమై యున్నది. రెండవ పని మాత్రము చాలవరకు విశ్వవిద్యాలయములకును ప్రభుత్వ శాఖలకును విడిచిపెట్టబడినది.

ఇరువదవ శతాబ్దిలో వ్యాపార సంస్థల అవసరముల నుండి మేనేజ్‌మెంట్ అని వ్యవహరింపబడు నిర్వహణ శాస్త్రము పుట్టి పెరిగినది. పరిమితమైన ధనమును, కాలమును, మనుష్యులను ఒక లక్ష్యసాధనకై ఎట్లు కూర్చవలెనో విచారించుట దాని విషయము. బడికిని కళాశాలకును ఈ మూడును పరిమితములే. కనుక ఆ శాస్త్రము భాషావిద్యకు ఎంతవరకు ఉపకరించునను ప్రశ్న సహజముగా కలుగును. "విద్య వర్తకము కాదు" అని దానిని త్రోసిపుచ్చువారును, "ఫలితము చూపని విద్య యేల" అని దానిని పూర్తిగా అంగీకరించువారును కలరు. ఈ రెండు పక్షములును సమగ్రములు కావు. నిర్వహణ శాస్త్రము నుండి భాషావిద్య గ్రహింపదగినవి అది వేయు ప్రశ్నలు. గ్రహింపరానిది దాని లాభనష్టముల లెక్క. ఈ సిద్ధాంతమును చెన్నూరు ప్రాంతము ఆధారముగా నిరూపించుట ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

2. శాస్త్రసంప్రదాయములో ప్రణాళికాదృష్టి

ప్రణాళిక యన్న మాట క్రొత్తది కావచ్చును గాని దాని వెనుకనున్న ఆలోచన ప్రాచ్యవిద్యకు క్రొత్త కాదు. ఏ శాస్త్రగ్రంథమునకైనను ఆరంభమున అనుబంధచతుష్టయము చెప్పవలెనని సంప్రదాయము. ఈ గ్రంథము దేనిని గూర్చినది, దీనివలన కలుగు ఫలమేమి, గ్రంథమునకును విషయమునకును గల సంబంధమేమి, దీనిని చదువుటకు అర్హుడెవడు అనునవి ఆ నాలుగు ప్రశ్నలు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అని వానికి పేర్లు. నేటి పాఠ్యప్రణాళికా నిర్మాతలు ముందుగా అడుగు ప్రశ్నలును ఇవియే.

పతంజలి మహాభాష్యము పస్పశాహ్నికమున వ్యాకరణాధ్యయనమునకు రక్ష, ఊహ, ఆగమము, లాఘవము, అసందేహము అని ప్రయోజనములను లెక్కించియుండుట ప్రసిద్ధము. అచ్చటనే బృహస్పతి ఇంద్రునకు ఒక్కొక్క శబ్దమును విడివిడిగా చెప్పుచు వేయి దివ్యసంవత్సరములు గడపినను శబ్దపారాయణము ముగియలేదను వృత్తాంతము కలదు. గురువు బృహస్పతి, శిష్యుడు ఇంద్రుడు, కాలము వేయి దివ్యవర్షములు. అయినను పని పూర్తి కాలేదు. లోపము గురువునందు లేదు, శిష్యునియందు లేదు, పద్ధతియందే కలదు. కనుకనే సామాన్యసూత్రములతోను అపవాదసూత్రములతోను శబ్దరాశిని బోధించు మార్గము ఆదరింపబడినది. పాణినీయమున అడుగడుగున కనిపించు లాఘవము ఇట్టి కాలవివేకమునకు పరాకాష్ఠ.

కౌటిల్యుని అర్థశాస్త్రము మొదటి అధికరణమున కార్యాలోచనకు ఐదంగములు చెప్పబడినవి. పనిని ఆరంభించు ఉపాయము, పురుషద్రవ్యసంపద, దేశకాలవిభాగము, విఘ్నములకు ప్రతీకారము, కార్యసిద్ధి అనునవి అవి. ఫ్రెంచి గని ఇంజినీరు ఆంరీ ఫయోల్ 1916లో నిర్వహణమును ప్రణాళిక, వ్యవస్థీకరణము, ఆజ్ఞాపనము, సమన్వయము, నియంత్రణము అని ఐదు విధులుగా విభజించెను. రెండును ఒకటియే యనుట సాహసమగును. రాజకార్యమును ఒకరు, గనుల సంస్థను మరియొకరు దృష్టియందుంచుకొనిరి. అయితే ఫయోల్ విభాగమున ప్రత్యేకముగా పేర్కొనబడని ఒక అంగము కౌటిల్యుని యందు కలదు. అది విఘ్నప్రతీకారము. భాషావిద్యా ప్రణాళికలు తరచుగా విఫలమగునది ఈ అంగము లోపించుటచేతనే యని ముందు తెలియగలదు.

3. ఆధునిక నిర్వహణ శాస్త్రమునుండి నాలుగు భావములు

నిర్వహణ శాస్త్రము విస్తృతమైనది. భాషావిద్యకు సన్నిహితములైన నాలుగు భావములను మాత్రము ఇచ్చట పరిశీలింపవచ్చును.

మొదటిది లక్ష్యనిర్దేశము. పీటర్ డ్రక్కర్ 1954లో ప్రకటించిన గ్రంథమున సంస్థలోని ప్రతి విభాగమును తన లక్ష్యమును స్పష్టముగా, పరీక్షింపదగిన రూపమున చెప్పుకొనవలెనని ప్రతిపాదించెను. "విద్యార్థులలో భాషాభిరుచి పెంపొందించుట" అనునది ఆశయమే గాని లక్ష్యము కాదు. "మూడవ తరగతి ముగియునాటికి పిల్లవాడు చూడని కథను చదివి, దాని సారమును తన మాటలలో చెప్పగలుగుట" అనునది లక్ష్యము. మొదటిది నెరవేరినదో లేదో ఎవరును చెప్పలేరు. రెండవదానిని ఒక్క ఉదయమున తెలిసికొనవచ్చును.

రెండవది గ్రహీతృదృష్టి. థియొడోర్ లెవిట్ 1960లో వ్రాసిన వ్యాసమున అమెరికా రైలు సంస్థల క్షీణతకు కారణము విచారించెను. తమ పని రైళ్లు నడుపుటయని వారు భావించిరే గాని ప్రజలను, సరకులను గమ్యము చేర్చుటయని భావింపలేదనియు, అందువలన ఆ పనిని కార్లు, లారీలు, విమానములు చేజిక్కించుకొన్నవనియు అతని వాదము. తన వస్తువును గూర్చియే ఆలోచించి, దానిని కోరువాని అవసరమును మరచిన సంస్థ క్షీణించునని దీని సారము.

మూడవది అవరోధస్థాన విచారము. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ఒక నవలారూపమున దీనిని వివరించెను. కర్మాగారమంతటి ఉత్పత్తి దానిలో అత్యంత మందముగా సాగు యంత్రముపై ఆధారపడియుండును. మిగిలిన యంత్రముల వేగము ఎంత పెంచినను ఆ ఇరుకు సడలనిదే ఫలము హెచ్చదు. ఏతమునుండి ఎంత నీరు వచ్చినను కాలువ యిరుకైన చోట ఎంత పారునో అంతయే మడికి చేరును గదా.

నాలుగవది ప్రచారణ దృష్టి. భాషాప్రణాళిక యను మాటను ఐనార్ హౌగెన్ 1959లో నార్వే భాషావిషయమున ప్రచారములోనికి తెచ్చెను. హైంజ్ క్లాస్ 1969లో దానిని భాషాస్వరూప ప్రణాళిక, భాషాస్థాన ప్రణాళిక అని రెండుగా విభజించెను. రాబర్ట్ కూపర్ 1989లో వీనికి భాషార్జన ప్రణాళికను మూడవదిగా చేర్చెను. మార్కెటింగ్ శాస్త్రమునందలి వస్తువు, ప్రచారము, స్థలము, మూల్యము అను నాలుగంశములను భాషాప్రణాళికకు అన్వయించినదియు అతడే. భాషార్జనకు మూల్యమనగా రుసుము మాత్రమే కాదు. నేర్చువాడు వెచ్చించు కాలము, పొందు సంకోచము, తన యింటిభాషపై కలుగు చిన్నచూపు, ఇవియన్నియు మూల్యములే.

4. చెన్నూరు : దేశకాలవిభాగము

చెన్నూరు గోదావరీ తీరమునందలి ప్రాచీన క్షేత్రము. ఇచ్చట గోదావరి ఉత్తరవాహినియై ప్రవహించును. అగస్త్యేశ్వరాలయము ఊరికి ప్రసిద్ధి తెచ్చినది. వేదపఠన సంప్రదాయమునకు పేరుపొందిన ధర్మపురియు మంథనియు ఈ నదీతీరముననే కలవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదైన చెన్నూరు 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనలో మంచిర్యాల జిల్లాలో చేరినది.

తూర్పున కోటపల్లి, వేమనపల్లి మండలములను ఒరసికొని ప్రాణహిత ప్రవహించును. ఆవలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అచ్చటి సిరొంచ ప్రాంతమున తెలుగు మాటాడువారు పెక్కురు. పడమట మందమర్రి, రామకృష్ణాపురము సింగరేణి బొగ్గుగనుల పట్టణములు. పలుప్రాంతములనుండి వచ్చిన కార్మికుల కుటుంబములు అందు స్థిరపడినవి. అడవిపల్లెలలో గోండులు, కోలాములు మొదలగు గిరిజనులు కలరు. గోండీ, కోలామీ భాషలు ద్రావిడకుటుంబమునకు చెందినవే యైనను తెలుగు మాత్రమే తెలిసినవానికి అర్థము కావు. ఇండ్లలో ఉర్దూ, మరాఠీ, లంబాడీ భాషలు మాటాడువారును ఈ ప్రాంతమున కలరు.

కాలవిభాగమును కూడ గమనింపవలెను. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అదియే బోధనామాధ్యమము. 1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడినప్పుడు ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రమున చేరినవి. ఒకే గోండీ మాటాడు పల్లెలు రెండు రాష్ట్రముల పాలయినవి. ఒకవైపు బడిభాష తెలుగు, మరియొకవైపు మరాఠీ అయినది. 2018లో తెలంగాణ ప్రభుత్వము అన్ని పాఠశాలలలో పదవ తరగతివరకు తెలుగు బోధనను తప్పనిసరి చేయుచు చట్టము చేసినది. 2022-23 విద్యాసంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆ సంవత్సరముననే ప్రాథమిక తరగతుల చదువు, లెక్కల సామర్థ్యములకై తొలిమెట్టు కార్యక్రమము ఆరంభమైనది. ఒక కుటుంబమున తాత ఉర్దూలోను, తండ్రి తెలుగులోను, మనుమడు ఆంగ్లములోను చదివిన సందర్భము ఇచ్చట అరుదు కాదు. ఇట్టి దేశకాలములలో రాజధానిలో తయారైన ఒకే ప్రణాళిక అన్ని పల్లెలకు సరిపడునని తలచుట కష్టము.

5. అధికారి యెవడు?

వ్యాపారి తన కొనుగోలుదారులను వర్గములుగా విభజించి ఒక్కొక్క వర్గమునకు ఏమి కావలెనో విచారించును. అధికారివిచారమునకు ఇది సమీపమైన పని. చెన్నూరు ప్రాంతమున తెలుగు నేర్చువారిని కనీసము నాలుగు వర్గములుగా గుర్తింపవచ్చును.

ఇంట తెలుగు మాటాడుచు బడిలో తెలుగు చదువువారు మొదటివారు. వీరి ఇంటితెలుగు తెలంగాణ మాండలికము. పుస్తకములోని తెలుగు మరియొకటి. ఇంటి మాటను తప్పుగా భావింపజేయక, దానినుండి పుస్తకభాషకు దారి చూపుట వీరికి కావలసినది. గోండీ, కోలామీ మాటాడు పిల్లలు రెండవవారు. వీరికి తెలుగు రెండవ భాష. అక్షరముతో పాటు మాటయు క్రొత్తదే. ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాటాడు ఇండ్లవారు మూడవవారు. వీరిలో పెక్కురు తెలుగు అంగడిలో మాటాడగలరు గాని చదువలేరు. ఆంగ్లమాధ్యమమున చదువుచు తెలుగును ఒక్క పాఠ్యాంశముగా మాత్రము చదువువారు నాలుగవవారు.

ఈ నాలుగు వర్గములకును ఒకే వాచకము, ఒకే ప్రశ్నపత్రము ఇయ్యబడినచో తప్పినవాడు చదువలేనివాడని నిర్ణయింపబడును. నిజమునకు ఆ నిర్ణయము పిల్లవానిని గూర్చినది కాదు, ప్రణాళికను గూర్చినది. కోలామీ పిల్లవాడు తెలుగు పద్యమును అప్పజెప్పలేకపోయినచో అది జ్ఞాపకశక్తి లోపము కాకపోవచ్చును. ఆ పద్యములోని మాటలను అతడు అంతకుముందు ఎన్నడును వినియుండకపోవచ్చును.

6. అవరోధము ఎచ్చట?

భాషావిద్య కుంటుపడినదని తోచినప్పుడెల్ల పాఠ్యపుస్తకమును మార్చుట ఆచారమైనది. ఇరుకు నిజముగా పుస్తకమునందే కలదా యని ఒక లెక్క వేసి చూడవచ్చును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో సంవత్సరమునకు 200 పనిదినములు ఉండవలెను. ముప్పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండవలెను. పిల్లవాడు చదువు నేర్చుటకు తాను బిగ్గరగా చదువగా తెలిసినవారు విని దిద్దుట అత్యవసరము. ముప్పదిమంది గల తరగతిలో ఉపాధ్యాయుడు దినమునకు పది నిమిషములు ఇందుకు కేటాయించి ఒక్కొక్కరికి రెండు నిమిషముల వంతున వినినచో రోజునకు ఐదుగురు చదువుదురు. ఒక్కొక్క పిల్లవానికి ఆరు దినములకు ఒకసారి అవకాశము వచ్చును. 200 దినములలో అట్టి అవకాశములు 33. మొత్తము 66 నిమిషములు. అనగా ఒక సంవత్సరమంతయు బడికి వచ్చిన పిల్లవాడు గురువు వినగా చదివిన కాలము గంటకు కొంచెము మించును. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులను చూచు అడవిపల్లె బడిలో ఈ పది నిమిషములును దొరకుట దుర్లభము.

కనుక ఇరుకు పుస్తకమునందు లేదు, వినువారి కొరతయందు కలదు. పుస్తకము ఎంత చక్కగా ముద్రించినను ఈ 66 నిమిషములు పెరుగవు. వానిని పెంచు ఉపాయము వేరు. పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టి ఒకరు చదువగా మరియొకరు వినునట్లు దినమునకు పది నిమిషములు కేటాయించినచో ఒక్కొక్కరు ఐదు నిమిషములు చదువుదురు. 200 దినములకు అది 1000 నిమిషములు, అనగా పదునారు గంటల నలువది నిమిషములు. తోడి పిల్లవాడు గురువంతటి వాడు కాడు. అన్ని తప్పులను దిద్దలేడు. కాని చదివిన కాలము పదునైదు రెట్లు పెరుగుట సామాన్యము కాదు. ఆ సమయమున ఉపాధ్యాయుడు వెనుకబడినవారి కడ కూర్చుండవచ్చును.

ఇది విదేశీయమైన ఉపాయమని భావింప నక్కరలేదు. పెద్ద శిష్యుడు చిన్న శిష్యునకు పాఠము చెప్పుట ఇచ్చటి వీధిబడులలో వాడుక. మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమమును నడిపిన ఆండ్రూ బెల్, దేశీయ బాలురు ఇసుకలో అక్షరములు దిద్దుచు నేర్చుకొనుట చూచి, విద్యార్థులచే విద్యార్థులకు బోధింపజేయు పద్ధతిని అచ్చట అమలుజరిపి 1797లో ఇంగ్లండున దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మద్రాసు పద్ధతియను పేరుతో అది ఆ దేశమున విస్తరించినది. అయితే తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పవచ్చునని సంతోషించినవారు ఉపాధ్యాయుని స్థానమున విద్యార్థినే నిలుపుటకు పూనుకొనిరి. అందువలన బోధన యాంత్రికమై ఆ పద్ధతి క్రమముగా వెనుకబడినది. ఉపాధ్యాయునకు తోడుగా ఉన్నంతవరకే ఇట్టి ఉపాయము గుణము. అతనికి బదులుగా నిలిపినచో దోషము.

7. మార్లవాయి అనుభవము

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే భాషావిద్యా ప్రణాళికకు ఒక విశిష్టమైన ఉదాహరణము కలదు. 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము మరణించిన పిమ్మట గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను నియోగించెను. అతని సూచనల ఫలముగా 1943లో గోండు విద్యాపథకము ఆరంభమై, నేటి కొమరం భీము ఆసిఫాబాదు జిల్లాలోని మార్లవాయి గ్రామమున ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసినది. ఆ కాలముననే జిల్లాలో ప్రత్యేకాధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడీ గోండీ, కోలామీ భాషలను నేర్చి వానిని గూర్చి గ్రంథములు వ్రాసెను.

ఈ పథకమునందలి పౌర్వాపర్యము గమనింపదగినది. ముందు బడులు కట్టి పిమ్మట ఉపాధ్యాయులను వెదకుట జరుగలేదు. కొద్దిపాటి చదువు వచ్చిన గోండు యువకులను ముందుగా చేర్చుకొని శిక్షణ ఇచ్చిరి. గోండీలో వాచకములు తయారు చేసిరి. పొరుగుభాషయగు మరాఠీకి తోడ్పడునట్లు వానిని దేవనాగరి లిపిలో ముద్రించిరి. పిమ్మట శిక్షితులను పల్లెబడులకు పంపిరి. గోల్డ్‌రాట్ నాలుగు దశాబ్దములకు పిమ్మట చెప్పిన మాటలలో చెప్పినచో అవరోధమును ముందు సడలించి తక్కిన పనిని దానికి అనుగుణముగా నడిపిరి. కౌటిల్యుని మాటలలో పురుషసంపద ముందు, ద్రవ్యసంపద తరువాత. తమ భాష మాటాడు, తమ పండుగలు తెలిసిన ఉపాధ్యాయుడు బడిలో ఉండుట వలన నేర్చువాడు చెల్లించు మూల్యము కూడ తగ్గినది.

అయితే విఘ్నప్రతీకారము లోపించినది. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. 1956లో సరిహద్దులు మారినవి. తెలుగు బోధనాభాష అయినది. దేవనాగరిలో గోండీ చదువుట ఉన్నత తరగతులకు సోపానము కాకపోయినది. గోండీబోధన క్రమముగా నిలిచిపోయినది. కొంతకాలమునకు గోండీ రాని ఉపాధ్యాయులు ఆ బడులలో నియుక్తులగుట వాడుక అయినది. తిరిగి 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండీ, కోలామీ, కోయ మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో బహుభాషావిద్యా కార్యక్రమమును ఆరంభించినప్పుడు ఆ వాచకములు తెలుగు లిపిలో వెలువడినవి. 2006లో నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామమున గోండీలిపి వ్రాతప్రతులు వెలుగులోనికి వచ్చినవి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో స్థానము పొందినది. ఈ విధముగా ఒకే భాషకు మూడు లిపులు ఏర్పడినవి. ప్రతి మార్పునకును దానిదైన న్యాయము కలదు. కాని మారినప్పుడెల్ల వెనుకటి పుస్తకములు, శిక్షితులైన ఉపాధ్యాయుల అనుభవము వ్యర్థమైనవి. వ్యాపారి యంత్రమును మార్చునప్పుడు పాతదానినుండి క్రొత్తదానికి మారు కాలమునకు అగు వ్యయమును లెక్కకట్టును. భాషావిద్యలో ఆ లెక్క వేయబడలేదు. దానిని పిల్లలు చెల్లించిరి.

8. అన్వయమునకు హద్దులు

నిర్వహణ సూత్రములను విచక్షణ లేక అన్వయించినచో కలుగు అనర్థమునకు చరిత్రలో నిదర్శనము కలదు. 1862లో ఇంగ్లండున రాబర్ట్ లో ప్రవేశపెట్టిన నిబంధనల ప్రకారము బడికి ఇచ్చు ధనము విద్యార్థుల హాజరుపైనను, పఠన, లేఖన, గణితములలో ఇన్‌స్పెక్టరు జరుపు పరీక్షపైనను ఆధారపడినది. ఫలితమును బట్టి ధనమిచ్చు ఈ పద్ధతి మద్రాసు రాజధానిలోని బడులకును ప్రాకినది. చదువు పెరుగవలెనను ఉద్దేశము మంచిదే. కాని బడులు పరీక్షింపబడు దానినే బోధించి, పరీక్షింపబడని దానిని విడిచినవి. పిల్లలు వాచకమును కంఠస్థము చేసి, చదివినట్లు అప్పజెప్పిరి. పాఠశాలల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ యాంత్రికతను ఖండించెను. ఆ శతాబ్ది ముగియకముందే ఇంగ్లండు ఈ పద్ధతిని విడిచినది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ సిద్ధాంతమును బడులపై రుద్దుట వలన కలిగిన హానిని రేమండ్ కాలహన్ 1962లో సవిస్తరముగా నిరూపించెను.

వీనినుండి తేలు భేదములు మూడు. మొదటిది, వ్యాపారమున వస్తువునకు స్వేచ్ఛ లేదు. విద్యార్థి వస్తువు కాడు, నేర్చుకొనుటలో అతడే కర్త. రెండవది, వ్యాపారఫలము సంవత్సరాంతమున తేలును. భాషావిద్యాఫలము ఒక తరమునకు గాని పూర్తిగా తెలియదు. మూడవది ముఖ్యమైనది. నష్టము వచ్చు శాఖను మూసివేయుట వ్యాపారికి ధర్మము. పదిమంది కోలామీ పిల్లలున్న గూడెమునకు బడి నడుపుటకు పట్టణపు బడికంటె తలకు ఎక్కువ వ్యయమగును. ఆ కారణముచే దానిని మూసివేసినచో లెక్క సరిపోవును గాని విద్య యొక్క ప్రయోజనము చెడును. ఇట్టి చోటనే లాభనష్టముల లెక్కను విడిచిపెట్టవలెను. ఏ పల్లె యెంత వ్యయము కోరునో తెలిసికొనుటకు లెక్క కావలెను. ఏ పల్లెను విడువవలెనో నిర్ణయించుటకు కాదు.

9. ప్రాచ్య కళాశాల కర్తవ్యము

రైలు సంస్థలను గూర్చి లెవిట్ అడిగిన ప్రశ్నను ప్రాచ్య కళాశాల తన్ను తాను అడుగుకొనవలసియున్నది. తన పని ఏది? ప్రాచ్యభాషా పట్టములిచ్చి, భాషాపండిత శిక్షణకు, అందుమూలమున ఉద్యోగమునకు అర్హులను తయారు చేయుటయే తన పనియని భావించినచో పండిత నియామకములు జరిగిన సంవత్సరమున విద్యార్థులు వత్తురు, జరుగనినాడు తరగతులు ఖాళీయగును. ఈ ప్రాంతము భాషను నేర్చుటలో పడు ప్రతి కష్టమునకును శాస్త్రసహాయము చేయుట తన పనియని భావించినచో క్షేత్రము విస్తరించును. అప్పుడు కౌటిల్యుని పంచాంగములను అనుసరించి చెన్నూరు వంటి ప్రాంతమునకు ఒక ప్రణాళికను ఇట్లు రూపొందింపవచ్చును.

ఆరంభోపాయము : మొదట ఒక్క మండలమునందలి కొలది బడులలో ప్రతి పిల్లవాని యింటిభాషను, చదువు స్థాయిని తెలిసికొని నమోదు చేయవలెను. కళాశాల విద్యార్థులే ఈ పనిని క్షేత్రకార్యముగా చేయగలరు.

పురుషద్రవ్యసంపద : గోండీ, కోలామీ తెలిసిన యువతీయువకులను ప్రాచ్యభాషా తరగతులలో చేర్చుకొనుటకు ప్రత్యేక యత్నము చేయవలెను. వ్యాకరణశాస్త్రము చదివిన గోండు పండితుడు ఆ ప్రాంతమునకు పది వాచకములకంటె ఎక్కువ ఉపకారి. తెలుగు వ్యాకరణమును గోండీతో పోల్చి బోధించు పాఠములను పాఠ్యక్రమమున చేర్చవచ్చును.

దేశకాలవిభాగము : వరినాట్లు, ప్రత్తి తీతలు, తునికాకు సేకరణము మొదలగు పనులనాళ్లలో పిల్లల హాజరు తగ్గుట గమనించి ముఖ్యపాఠములను ఇతర మాసములలో ఉంచవలెను. జోడుపఠనమునకు ప్రతిదినము నిర్ణీతకాలము ఉండవలెను.

విఘ్నప్రతీకారము : ఉపాధ్యాయుడు బదిలీయైనచో, మాధ్యమము మారినచో, పుస్తకములు రాకపోయినచో ఏమి చేయవలెనో ముందే వ్రాసి యుంచవలెను. ప్రతి తరగతియొక్క పఠనవృత్తాంతమును తెలుపు పుస్తకమొకటి బడిలోనే నిలిచియున్నచో వచ్చిన ఉపాధ్యాయుడు మొదటినుండి ఆరంభింప నక్కరలేదు.

కార్యసిద్ధి : ఉత్తీర్ణుల సంఖ్యను మాత్రము సిద్ధిగా గ్రహింపరాదు. చదువనివాడు చదువగలుగుట, ఇంట తెలుగు లేని పిల్లవాడు తరగతిలో నోరు విప్పి ప్రశ్న అడుగుట, బడి మానినవాడు తిరిగి వచ్చుట, ఇవి సిద్ధికి గుర్తులు. లోపము కనిపించినచో ఉపాధ్యాయుని దండించుట కాక ప్రణాళికను సవరించుట పద్ధతి కావలెను. 1950 నుండి జపాను పరిశ్రమలకు మార్గదర్శకుడైన ఎడ్వర్డ్స్ డెమింగ్ కూడ లోపములలో అధికభాగము పనివానివి కావు, వ్యవస్థవి అని చెప్పెను. బృహస్పతి వృత్తాంతమునుండి గ్రహింపదగిన నీతియు ఇదియే.

10. ఉపసంహారము

వ్యాపార నిర్వహణ శాస్త్రము భాషావిద్యకు గురువు కాదు, పరాయిదియు కాదు. లక్ష్యము స్పష్టముగా చెప్పుము, నేర్చువానిని తెలిసికొనుము, ఇరుకు ఎచ్చటనున్నదో వెదకుము, విఘ్నమును ముందే ఊహింపుము అని అది చెప్పు నాలుగు మాటలు శాస్త్రసంప్రదాయమునకు సమ్మతములే. చెన్నూరునుండి చూచినచో వీని ఆవశ్యకత మరింత స్పష్టమగును. ప్రాణహిత ఒడ్డునందలి గూడెమునుండి వచ్చు పిల్లవానికి సంవత్సరమునకు లభించు 66 నిమిషములు పెంచగలిగిన ప్రణాళిక మంచి ప్రణాళిక. పెంచలేనిది ఎంత విపులముగా వ్రాయబడినను కాగితముననే నిలుచును. మార్లవాయిలో 1943లో అట్టి ప్రణాళిక ఒకటి ఆచరణకు వచ్చినది. అది నిలువకపోవుటకు కారణములు తెలిసియున్నవి. ఆ కారణములను పరిహరించుచు పనిని తిరిగి చేపట్టుటకు కావలసిన వ్యాకరణజ్ఞానము, బోధనానుభవము ప్రాచ్య కళాశాలల యందు కలవు. వానిని ఆ దిశకు మరల్చుట పండితుల చేతిలోని పని.